ఎకోస్ప్రిన్ సంగతి తర్వాత, ముందు రక్తం పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: నా వయసు 61. కవిటి మండలంలో కొబ్బరి తోట ఉంది. తొమ్మిదేళ్లుగా షుగర్, బీపీ. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్-హెచ్ వాడుతున్నాను. గుండెజబ్బు లేదు. షుగరున్నవాళ్లు ఆస్పిరిన్ వేసుకుంటే గుండెపోటు, పక్షవాతం 12 శాతం తగ్గుతాయని పెద్ద పరిశోధనలో తేలిందట. అది చదివి నెల నుంచి ఎకోస్ప్రిన్ 75 వేసుకుంటున్నాను. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ రోజు విడిచి రోజు వాడతాను. నాలుగు రోజులుగా విరేచనం నల్లగా అవుతోంది, వేడి చేసిందేమో. ఆస్పిరిన్ 150కి పెంచితే లాభం పెరుగుతుందా?
- ఒక పాఠకుడు

జవాబు: పెంచడం మాట అలా ఉంచండి. అడగాల్సింది మీరు చివర్లో వేడి అని దాటేశారు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ కలిపి వాడేవారికి విరేచనం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే, కాదని తేలేవరకూ పొట్టలో రక్తస్రావం అనే అనుకోవాలి. ఐరన్ మాత్రలు వాడినా నల్లగా వస్తుంది కానీ మీరు ఆ మాట రాయలేదు. మీకు గుండెజబ్బు లేదన్నారు కాబట్టి ఆ రెండు మాత్రలూ ఆపి ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి. లేచి నిలబడితే కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా, వాంతిలో రక్తం పడినా 108కి ఫోన్ చేయండి. స్టెంట్ వేయించుకున్నవారు, గుండెపోటు వచ్చినవారు మాత్రం ఇది చదివి ఆస్పిరిన్ ఆపేయకండి. వారి లెక్క వేరు.

ఇక ఆ 12 శాతం. మీరు చదివింది 2018లో వచ్చిన అసెండ్ ట్రయల్ గురించి అయివుండాలి. షుగర్ ఉండి, గుండెజబ్బు లేని 15,480 మందిలో సగం మందికి రోజూ 100 మి.గ్రా. ఆస్పిరిన్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సగటున 7.4 ఏళ్లు చూశారు. గుండె, మెదడు రక్తనాళాల దెబ్బలు ఉత్తుత్తి మాత్ర వారిలో 9.6 శాతం, ఆస్పిరిన్ వారిలో 8.5 శాతం. 9.6తో పోలిస్తే తగ్గింది 12 శాతం, నిజమే. వెయ్యి మందిలో చూస్తే 96 బదులు 85. అంటే ఏడేళ్లు పైగా రోజూ మింగితే వెయ్యికి 11 మంది తప్పించుకున్నారు. తీవ్ర రక్తస్రావం 3.2 నుంచి 4.1 శాతానికి పెరిగింది. వెయ్యికి 9 మంది అదనం. మీకు అందిన వార్తలో ఈ రెండో ముక్క లేదు.

11లోంచి 9 తీసేసి రెండు మిగిలాయి అంటే కుదరదు. దెబ్బలన్నీ ఒకే బరువువి కావు. లాభం లెక్కలో కాసేపట్లో సర్దుకునే తాత్కాలిక పక్షవాతం కూడా ఉంది. నష్టం లెక్కలో మెదడులో, కంట్లో, పొట్టలో రక్తస్రావాలున్నాయి. తీవ్ర రక్తస్రావానికి గుండె, మెదడు దెబ్బలో సగం బరువే ఇస్తే 11కి ఎదురుగా నాలుగున్నర నిలుస్తుంది, మందు గెలిచినట్టే. రెండింటికీ సమాన బరువిస్తే లాభం దాదాపు మాయం. రక్తస్రావం బరువు దాదాపు 1.2 దాటితే నష్టమే. అందుకే బరువులు మార్చి మార్చి చూసి, ఎక్కడ తీర్పు తిరగబడుతుందో చెప్పాలి. లాభం, నష్టం విడివిడిగా లెక్కపెడితే రెండూ ఒకే మనిషికి ఎలా కలిసి వచ్చాయో కూడా కనబడదు. విన్ రేషియో పద్ధతిలో రెండు గుంపుల నుంచి చెరొక రోగిని తీసుకుని, ముందు మరణం, అందులో తేలకపోతే తర్వాతి తీవ్రమైన దెబ్బ అని వరుసగా పోల్చేది కొంతవరకు ఇందుకే.

ఈ అంకెలు ఆ ట్రయల్‌లోని సగటు మనిషివి, మీవి కావు. అరవై దాటి, నొప్పి మాత్రలు వాడేవారికి రక్తస్రావం ముప్పు మొదటే ఎక్కువ. ఉదాహరణకు అది రెట్టింపు, అంటే వెయ్యికి 64 అనుకోండి. ట్రయల్‌లోలాగే 29 శాతం పెరిగితే అదనం 9 కాదు, 18 దాటుతుంది. లాభం మాత్రం ఆ 11 దగ్గరే. మోతాదు పెంచమని ఏ లెక్కా చెప్పదు. కోటింగ్ మాత్రే కదా అంటారేమో, ఆస్పిరిన్ రక్తంలో కలిశాకే ప్లేట్‌లెట్లను, అంటే రక్తం గడ్డకట్టించే కణాలను పట్టుకుంటుంది. పై పూత దాన్ని ఆపదు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఎకోస్ప్రిన్ కూడా కాదు, ఆ డైక్లోఫెనాక్. మీది ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని తేలలేదు గానీ, నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయన్నది ఎప్పుడో తేలింది. డైక్లోఫెనాక్ కిడ్నీ వడపోతకు రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. ‘హెచ్’ అంటే ఉన్న మూత్రం మాత్ర ఒంట్లో నీరు తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. ఎండలో తోటపని చేసి, నీళ్లు సరిగా తాగని రోజు ఇది మరీ ప్రమాదం. పక్కన గ్యాస్ మాత్ర వేసుకుంటే పొట్టకు కొంత రక్షణ, కిడ్నీకి ఏమీ లేదు. షాపాయన మీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి ఇచ్చాడా? మీరైనా అడిగారా?

హిమోగ్లోబిన్, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా), మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోండి. ఎండోస్కోపీ అవసరమా అన్నది, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్-హెచ్ కొనసాగించాలా అన్నది బీపీ, ఈ రిపోర్టులు చూసి అక్కడి డాక్టరే చెప్పాలి. ఉత్తరం చదివి నేను చెప్పగలిగేది కాదు. మోకాళ్లకు ఈలోగా ఏం వాడవచ్చో కూడా వారినే అడగండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, సగం వాడినవి కూడా, సంచిలో వేసుకుని వెళ్లండి.