డాక్టర్ సలహా: ఎన్‌కే కణాల 'బ్రేకు' తీసేస్తే క్యాన్సర్‌పై బలం పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది హనుమకొండ. మా బాపు వయసు 61 ఏళ్లు. ఏడు నెలల కిందట అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో కీమోథెరపీ ఇప్పిస్తున్నాం. ప్రస్తుతం మూలుగలో జబ్బు కనబడటం లేదని, ఇక మూలుగ మార్పిడి చేయించుకుంటే మంచిదని డాక్టర్లు అంటున్నారు. దాతగా మా చెల్లెలికి పరీక్షలు చేశారు, సగం సరిపోయిందట. ఈ మధ్య తెలిసినవాళ్ల మాట మీద బయటి ల్యాబులో ఎన్‌కే కణాల పరీక్ష చేయిస్తే 6 శాతం అని వచ్చింది. అది చాలా తక్కువని, తమ పొడి వాడితే పెరుగుతుందని ఒకరు నెలకు సరిపడా డబ్బా ఇచ్చి వెళ్లారు. బయోటెక్నాలజీ చదువుతున్న మా మేనల్లుడేమో ఎలుకల్లో ఈ కణాలను అదుపు చేసే రిసెప్టర్లు ఉంటాయని, వాటిని అడ్డుకుంటే కణాలు విజృంభిస్తాయని, అలాంటి మందు మనుషులకు ఉందేమో అడగమని అంటున్నాడు. ఎవరి మాట వినాలి? – పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు

జవాబు: చేయవలసిన పని ముందు చెప్పి, కారణాలు తరువాత చెప్తాను. ఆ పొడిని ఈ రోజే ఆపండి. 6 శాతం అన్న అంకెను చూసి బెంగ పెట్టుకోకండి. మూలుగ మార్పిడి గురించి హైదరాబాద్ వైద్యులు మొదలుపెట్టిన ఆలోచనను వేరే దేనికోసమూ వాయిదా వేయకండి. ఇక మీ మేనల్లుడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం తెలిస్తే పొడి సంగతి, అంకె సంగతి కూడా తేటపడతాయి కాబట్టి, మీరు కాస్త ఓపిక పడితే ఎలుకల దగ్గరి నుంచే మొదలుపెడతాను.

ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్. మన పాఠ్యపుస్తకాల్లో సహజ హంతక కణాలు అని రాస్తారు. 1975లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో రోల్ఫ్ కీస్లింగ్ బృందం, అదే కాలంలో అమెరికాలో రోనాల్డ్ హెర్బర్‌మన్ బృందం ఎలుకల్లో ఈ కణాల ఉనికిని బయటపెట్టాయి. ముందస్తు పరిచయం ఏదీ లేకుండానే కొన్ని రకాల క్యాన్సర్ కణాలను ఇవి చంపగలగడం వల్లనే ఆ పేరు వచ్చింది. వీటి ఒంటి మీద 'చంపు' అని చెప్పే రిసెప్టర్లు, అంటే సంకేతాలను అందుకునే ప్రొటీన్లు, ఉన్నట్లే, 'ఆగు' అని చెప్పే ఇన్‌హిబిటరీ రిసెప్టర్లు కూడా ఉంటాయి. వాటిని తెలుగులో నిరోధక గ్రాహకాలు అని రాస్తే, అవేవో రోగనిరోధక శక్తిని పెంచేవని చదివినవారు అనుకునే ప్రమాదం ఉంది. వైద్యవిద్యార్థులే అలా పొరబడటం చూశాను గనుక ఇక్కడ వాటిని అదుపు రిసెప్టర్లు అంటాను.

ఈ అదుపు ఎందుకో అర్థం కావాలంటే మన ఎనుమాముల మార్కెట్‌ను తలచుకోండి. మిర్చి సీజన్‌లో వేల బస్తాలు దిగే యార్డులో కాపలా మనిషి ప్రతి బస్తా విప్పి లోపల ఏముందో చూడలేడు. గేటు దగ్గర ఇచ్చిన చీటీ ఉందా లేదా అని మాత్రమే చూస్తాడు. చీటీ ఉంటే వదిలేస్తాడు, లేకపోతే ఆపుతాడు. మన శరీరంలో ఎర్ర రక్తకణాలను మినహాయిస్తే దాదాపు ప్రతి కణమూ తన పైపొర మీద ఎంహెచ్‌సీ క్లాస్-1 అనే ప్రొటీన్‌ను పెట్టుకుని తిరుగుతుంది, మనుషుల్లో దాన్నే హెచ్‌ఎల్‌ఏ అంటాం. అదే ఆ చీటీ. టీ కణాలనే మరో రకం రక్షక కణాలు పట్టేస్తాయని కొన్ని క్యాన్సర్ కణాలు, వైరస్ సోకిన కణాలు ఈ ప్రొటీన్‌ను దాచేస్తాయి. అలా దాచిన కణాన్ని ఎన్‌కే కణం పట్టుకుంటుంది. అనుమానాస్పదమైనది కనబడటం కన్నా, కనబడవలసినది లేకపోవడమే దానికి గుర్తు. స్వీడన్‌కు చెందిన క్లాస్ కారె ఈ ఊహను ముందుకు తెచ్చి, ఎంహెచ్‌సీని పోగొట్టుకున్న లింఫోమా అనే క్యాన్సర్ కణాలను ఎలుకలు ఎన్‌కే కణాల సాయంతో తిరస్కరిస్తాయని, ఎంహెచ్‌సీ ఉన్న అదే రకం కణాలు మాత్రం పెరిగి కంతులవుతాయని 1986లో సహచరులతో కలిసి చూపించాడు.

చీటీని చదివే కన్ను ఏదో 1992లో తేలింది. అమెరికా పరిశోధకుడు వేన్ యోకోయామా బృందం లై49ఏ అనే రిసెప్టర్‌ను పట్టుకుంది. ఎలుకల్లోని హెచ్-2డీడీ అనే ఒక రకం ఎంహెచ్‌సీ ఈ రిసెప్టర్‌కు తగిలితే ఎన్‌కే కణం చంపడం మానుకుంటుంది. రిసెప్టర్ తోక భాగంలో ఉండే ఐటిమ్ అనే చిన్న అమరిక, ఎస్‌హెచ్‌పీ-1 అనే ఎంజైమును పిలుచుకొస్తుంది. ఆ ఎంజైము 'చంపు' సంకేతం మీదున్న ఫాస్ఫేట్లను తుడిచేస్తుంది. ఎలుకల్లో లై49 కుటుంబానికి చెందిన రిసెప్టర్లు చాలా ఉన్నాయి. ఒక్కో ఎన్‌కే కణం వాటిలో ఏవో కొన్నింటిని, ఇంచుమించు లాటరీ తీసినట్లుగా, ఎంచుకుంటుంది. అందువల్ల ఒకే ఎలుకలో కూడా ఏ రెండు ఎన్‌కే కణాలూ ఒకే విధంగా ఉండాలనే నియమం లేదు; కొన్నింటికి సొంత శరీరపు చీటీని చదివే రిసెప్టర్ ఒకటి కూడా దక్కకపోవచ్చు.

మీ మేనల్లుడు చెప్పిన సగం ఇంతవరకు. అదుపు తొలగితే కణం చంపుతుంది, నిజమే. అయితే పుట్టుక నుంచీ అసలు చీటీయే లేని శరీరంలో ఎన్‌కే కణాలు ఏమవుతాయి? లెక్క ప్రకారం అవి చేతికందిన ప్రతి కణాన్నీ చంపి, ఆ ఎలుకను బతకనివ్వకూడదు. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ లేకుండా చేసిన ఎలుకల్లో ఎంహెచ్‌సీ క్లాస్-1 కణం పైకి దాదాపుగా రాదు. ఆ ఎలుకలు బతికే ఉన్నాయి. వాటి ఎన్‌కే కణాలు సంఖ్యలో మామూలుగానే ఉన్నా, ఎవరినీ ఏమీ అనకుండా ఊరుకున్నాయని 1991లోనే గమనించారు.

దీన్ని పరీక్షించే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. మామూలు ఎలుక ప్లీహం నుంచి కొన్ని కణాలు, చీటీ లేని ఎలుక ప్లీహం నుంచి కొన్ని కణాలు తీసి, ఒకే మెరిసే రంగును ఒకదానికి గాఢంగా, మరొకదానికి పలుచగా పట్టించి, సమానంగా కలిపి, ఎలుక తోక సిరలోకి ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజుల తరువాత ప్లీహాన్ని తీసి కణాలను రంగును బట్టి లెక్కించి గ్రాఫు గీసే ఫ్లో సైటోమీటర్‌లో చూస్తే, మామూలు ఎలుకలో చీటీ లేని కణాల రంగు శిఖరం దాదాపు మాయమై ఉంటుంది. అదే మిశ్రమాన్ని చీటీ లేని ఎలుకకే ఎక్కిస్తే రెండు శిఖరాలూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. చీటీ అన్నదే ఎరుగని యార్డులో పనికి చేరిన కాపలా మనిషి, కనబడిన ప్రతి బస్తానూ ఆపబోయి, చివరికి కుర్చీలో కూలబడి కునుకు తీసినట్లన్నమాట. పోలిక ఇంతకు మించి సాగదు గానీ, ఫలితం మాత్రం అదే.

2005లో యోకోయామా బృందమే దీనికి 'లైసెన్సింగ్' అని పేరు పెట్టింది. సొంత శరీరపు ఎంహెచ్‌సీని గుర్తించే అదుపు రిసెప్టర్ ఉన్న ఎన్‌కే కణాలే పని చేసే స్థాయికి చేరుకుంటాయని, ఆ రిసెప్టర్ తోకలోని ఐటిమ్‌ను మార్చేస్తే ఆ సామర్థ్యం రాదని వారు చూపించారు. అంటే బ్రేకుగా మనం పిలుచుకుంటున్న భాగమే ఆ కణానికి ఇంజన్‌ను కూడా సమకూరుస్తోంది. సామర్థ్యం పెరగడమా, లేక బ్రేకు లేని కణాలు అతిగా రెచ్చగొట్టబడి మొద్దుబారడమా అనే వాదన పరిశోధకుల మధ్య ఉంది. రెండింటి పర్యవసానమూ రోగి దగ్గరికి వచ్చేసరికి ఒకటే కాబట్టి నేను అందులోకి వెళ్లను. ఈ లైసెన్సింగ్‌ను శిక్షణ అనుకుంటే, అది శాశ్వతం కూడా కాదు. మామూలు ఎలుకలో పెరిగిన చురుకైన ఎన్‌కే కణాలను చీటీ లేని ఎలుకలోకి మారిస్తే కొద్ది రోజుల్లో మందగిస్తాయి. అటు నుంచి ఇటు మారిస్తే తేరుకుంటాయి. మరో మెలిక కూడా ఉంది. ఎలుకల సైటోమెగలోవైరస్ సోకినప్పుడు, బాగా శిక్షణ పొందిన కణాల కన్నా శిక్షణ పొందనివే వైరస్‌ను మెరుగ్గా అణిచాయని 2010లో తేలింది, ఎందుకంటే వైరస్ సోకిన కణం మీద ఇంకా చీటీ మిగిలి ఉంటే శిక్షణ పొందినవాటికి బ్రేకు పడుతుంది. కాబట్టి ఎన్‌కే కణాల్లో ఏవి 'మంచివి' అనేది ఎదుట ఉన్న శత్రువును బట్టి మారుతుంది.

ఇక ఎలుక నుంచి మనిషికి వద్దాం. మనకు పని చేసే లై49 రిసెప్టర్లు లేవు. వాటి స్థానంలో 19వ క్రోమోజోమ్ మీది కిర్ అనే కుటుంబం ఉంది. నిర్మాణంలో రెండింటికీ సంబంధం లేకపోయినా పని ఒక్కటే. ఎన్‌కేజీ2ఏ అనే మరో అదుపు రిసెప్టర్ మాత్రం ఎలుకకూ మనిషికీ ఉమ్మడిగా ఉంది. మేనల్లుడు అడిగిన మందులను తయారు చేయకపోలేదు. కిర్‌ను అడ్డుకునే లిరిలుమాబ్‌ను సరిగ్గా మీ బాపులాంటి వారికే, అంటే కీమో తరువాత జబ్బు కనబడని స్థితికి చేరిన పెద్ద వయసు లుకేమియా రోగులకు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు ఇచ్చినవారి కన్నా మెరుగైన ఫలితం రాలేదని 2017లో తేలింది. ఎన్‌కేజీ2ఏను అడ్డుకునే మోనలిజుమాబ్‌పై తల, గొంతు క్యాన్సర్లలో జరిగిన మూడో దశ పరీక్షను ప్రయోజనం లేదని 2022లో ఆపేశారు. వీటన్నింటిలోనూ నన్ను ఆలోచింపజేసినది మల్టిపుల్ మైలోమా అనే మూలుగ క్యాన్సర్ ఇంకా ముదరని దశలో ఉన్న రోగుల్లో జరిగిన ఒక చిన్న పరీక్ష. అందులో కిర్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చిన తరువాత రోగుల ఎన్‌కే కణాలు విజృంభించకపోగా మందగించాయని 2016లో వెల్లడించారు. చీటీ లేని ఎలుకల్లో పావు శతాబ్దం ముందు కనబడిన దృశ్యమే మనుషుల్లో మళ్లీ కనబడింది. అందుకని ఈ కోవ మందులు ఎప్పటికీ పనికిరావని నేను అనను. మీ బాపుకు ఈ రోజు ఇవ్వగలిగిన మందు మాత్రం ఇందులో లేదు.

అయితే ఈ ఎలుకల విద్య మీ కుటుంబానికి ఒక చోట సూటిగా తగులుతుంది. అది మూలుగ మార్పిడి. సగం సరిపోయిన దాత నుంచి వచ్చే ఎన్‌కే కణాలు దాత శరీరంలో శిక్షణ పొంది ఉంటాయి. వాటి కిర్ వెతికే హెచ్‌ఎల్‌ఏ రోగి కణాల మీద లేకపోతే, మిగిలి ఉన్న లుకేమియా కణాలను అవి చీటీ లేనివిగా భావించి చంపగలవు. ఇటలీలోని పెరూజాలో ఆండ్రియా వెలార్డి బృందం 2002లో ప్రచురించిన ఫలితాల్లో, ఈ తేడా ఉన్న దాతల నుంచి మార్పిడి పొందిన మైలాయిడ్ లుకేమియా రోగుల్లో జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. కానీ వారు దాత టీ కణాలను ముందే తొలగించి ఎక్కించేవారు. ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా అనుసరించే, మార్పిడి అయిన మూడు నాలుగు రోజులకు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇచ్చే పద్ధతిలో దాతతో పాటు వచ్చిన ఎన్‌కే కణాలు కూడా చాలావరకు నశిస్తాయి గనుక, ఆ లాభం అంతే మేరకు అందుతుందని చెప్పలేం. మీ చెల్లెలితో పాటు మీరు కూడా దాత కాగలరా, మీ ఇద్దరిలో ఎవరు మేలు అనే ప్రశ్నను మార్పిడి చేసే వైద్యులను తప్పక అడగండి. వారు దాత వయసు, ఆరోగ్యం, మీ బాపు రక్తంలో దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయా అనేవి ముందు చూసి, ఆ తరువాతే కిర్ సంగతి ఆలోచిస్తారు. ఆ వరుస సరైనదే.

ఇప్పుడు ఆ 6 శాతం. ఆరోగ్యవంతుల రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో ఎన్‌కే కణాలు సుమారు 5 నుంచి 15 శాతం ఉంటాయి, కాబట్టి అది చాలా తక్కువ అన్న మాటే తప్పు. పైగా శాతం ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు: మొత్తం లింఫోసైట్లు మైక్రోలీటరుకు 1,200 ఉంటే 6 శాతం అంటే 72 కణాలు, 2,500 ఉంటే 150 కణాలు. కీమో నడుస్తున్న మనిషిలో ఈ లెక్క వారం వారం మారిపోతుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, ఆ కాగితం చెప్పేది కణాల సంఖ్యను మాత్రమే. సంఖ్య మామూలుగా ఉండి కూడా పని చేయని కణాలను మనం ఎలుకల్లో చూశాం. కీమో సమయంలో మీరు కన్ను వేసి ఉంచవలసినది ఎన్‌కే కణాల మీద కాదు, న్యూట్రోఫిల్స్ అనే, ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాల మీద. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకితే అర్ధరాత్రి అయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లవారే దాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పొడి విషయానికొస్తే, డబ్బా మీద ఎన్‌కే కణాలను పెంచుతుందని రాసినంత మాత్రాన వాటికి శిక్షణ ఇచ్చే శక్తి దానికి రాదు. అందులో ఏముందో తెలియకపోవడం అంతకన్నా పెద్ద చిక్కు. ఇలాంటి పొడుల్లో కొన్నిసార్లు సీసం, పాదరసం, చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్లు బయటపడుతుంటాయి; కొన్ని మూలికలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని లుకేమియాలో ఇచ్చే ఫంగస్ మందుల మోతాదును తారుమారు చేస్తాయి. ఇప్పటికే కొన్ని రోజులు వాడి ఉంటే దాచకండి, తిడతారేమోనని జంకకండి. డబ్బాను పారేయకుండా, ఎన్ని రోజులు ఎంత మోతాదులో ఇచ్చారో ఒక కాగితం మీద రాసి, ఈసారి హైదరాబాద్ వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు తీసుకెళ్లి డాక్టరు చేతికే ఇవ్వండి. కాలేయ పరీక్షను మాత్రం అప్పటిదాకా ఆగకుండా వారిని ఫోన్‌లో అడిగి ఈ వారమే ఇక్కడే చేయించండి.