గుండె గోడ మందాన్ని తేల్చే పనికి డాక్టరే కావాలా?

ప్రశ్న: సైన్స్ చదువుతున్నాను, రోయింగ్ జట్టులో ఉన్నాను. మా సీనియర్‌కు ధ్వని తరంగాలతో గుండెను చూపే ఎకో పరీక్షలో గుండె గోడ మందం 13 మిల్లీమీటర్లు అని వచ్చింది. మూడు నెలలు సాధన మాన్పించి, మళ్లీ పరీక్షించి, జబ్బు కాదన్నారు. అలా తేల్చే పని నేర్చుకోవాలని ఉంది. నాకు ఫిజిక్స్ ఇష్టం, బట్టీ పట్టడం అంటే భయం. డాక్టరే కావాలా?

జవాబు: కానక్కర్లేదు. అయితే బొమ్మ తీయడం వేరు, తీర్పు చెప్పడం వేరు. మీకు ఏది కావాలో తెలియాలంటే ముందు చిక్కు ఎక్కడుందో చూడాలి.

ఏళ్ల తరబడి కఠిన సాధన చేస్తే గుండె పెరుగుతుంది. 1899లోనే స్వీడన్ వైద్యుడు హెన్షెన్, స్కీయింగ్ చేసేవారి ఛాతీని వేళ్లతో తట్టి ఈ సంగతి పట్టుకున్నాడు. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే కండర వ్యాధిలోనూ గోడ మందమవుతుంది. అది సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. పెద్దవారిలో వేరే కారణం కనిపించకుండా గోడ 15 మి.మీ.కు చేరితే ఆ జబ్బు అంటారు. క్రీడాకారుల్లో 12 దాటేవారు అరుదు. తగువంతా 13, 14 దగ్గరే. ఇటలీలో 947 మంది మేటి క్రీడాకారులకు ఎకో తీసి 1991లో ప్రచురించిన అధ్యయనంలో 13 గానీ అంతకు మించి గానీ ఉన్నవారు 16 మందే. వారిలో దాదాపు అందరూ పడవ నడిపేవారే. మీ సీనియర్‌దీ అదే కోవ.

కాబట్టి ఒక్క అంకె ఏమీ చెప్పదు. సాధనతో పెరిగిన గుండెలో ఒంటికి రక్తం పంపే ఎడమ జఠరిక గది కూడా విశాలమవుతుంది, తరచు 55 మి.మీ. దాటుతుంది, జబ్బు గుండెలో అది చాలాసార్లు 45 లోపు ఇరుకుగా ఉంటుంది. క్రీడాకారుడి కండరం కొట్టుకున్న ప్రతిసారీ చక్కగా సడలుతుంది, దీన్ని కదలిక వేగాన్ని పట్టే ఎకో పద్ధతి డాప్లర్‌తో కొలుస్తారు. గుండె కొన దగ్గరి మందం ఎకోకు అందకపోతే ఎంఆర్‌ఐ పట్టిస్తుంది. బొమ్మలో తేడాలు తేలేలా చేసే గాడోలినియం మందు నరంలోకి ఎక్కిస్తే కండరంలోని మచ్చలూ కనిపిస్తాయి. అలాగని మచ్చ లేదు కనుక జబ్బు లేదనుకోకూడదు. చిన్న మచ్చ కనిపించిన క్రీడాకారులందరూ రోగులూ కారు. ఇన్ని చూసినా తేలనప్పుడే మూడు నెలల విశ్రాంతి: సాధన వల్ల వచ్చిన మందమైతే తగ్గుతుంది. పోటీల ముందు ఆ విశ్రాంతి మాట ఆటగాడికి చెప్పి ఒప్పించే యంత్రం ఇంకా రాలేదు.

తప్పు ఎటు జరిగినా నష్టమే. 2003లో కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె మైదానంలోనే కుప్పకూలి మరణించాడు. శవపరీక్షలో బయటపడింది ఈ జబ్బే. ఇక లేని జబ్బు అంటగడితే ఆరోగ్యవంతుడి జీవనాధారం పోతుంది.

ఆ తీర్పు కింద సంతకం మీదే కావాలంటే అడ్డదారి లేదు: వైద్యవిద్య, తర్వాత కార్డియాలజీ లేదా రేడియాలజీ, ఆపైన ఇమేజింగ్‌లో ప్రత్యేక శిక్షణ. పదేళ్లకు పైమాటే, బట్టీ కూడా తప్పదు. మీ ఉత్తరం చదివితే నాకు ఎకో సోనోగ్రఫీ, అంటే ఎకో బొమ్మలు తీసి కొలిచే పని, ముందు తట్టింది. చాలామంది దీన్ని డాక్టరు పక్కన బటన్లు నొక్కే పని అనుకుంటారు, అది శుద్ధ పొరపాటు. ఛాతీ మీద ఆనించే ప్రోబ్ కాస్త ఏటవాలుగా పట్టినా, పక్కనున్న కండరపు పోగును గోడలో కలిపి కొలిచినా 11 కాస్తా 13 అవుతుంది. ఆ కోణం వెనక ఉన్నదంతా ధ్వని తరంగాల ఫిజిక్సే. మెడికల్ ఫిజిక్స్ చదివి ఎంఆర్‌ఐ పద్ధతుల మీద పనిచేసే దారీ ఉంది, కానీ అక్కడ రోగి ముఖం అరుదుగా కనిపిస్తుంది.

దరఖాస్తులకు ముందు అనుమతి తీసుకుని ఒక పూట ఎకో గదిలో కూర్చోండి. ఒకే గోడను మూడుసార్లు కొలిచి, మూడు అంకెలూ కలవక, మళ్లీ మొదలుపెట్టేవారిని గమనించండి. అప్పుడు మీకు విసుగు వచ్చిందా, నాలుగోసారి మీరే కొలవాలనిపించిందా అన్నది నాకు రాయండి. ఏ కోర్సు అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.