ఢిల్లీని వదిలేసిన వెండి టంకం

ప్రశ్న: అమ్మమ్మ పెట్టెలో అరబీ అక్షరాల వెండి నాణెం దొరికింది. తూకం 10.8 గ్రాములు. ఒకవైపు ‘బహమన్ షా’, రెండోవైపు ‘ఖిలాఫత్ కుడిచెయ్యి’ అని ఉందట. స్వతంత్ర రాజుకు ఖలీఫా ఊసెందుకు? అంచు రాత సగమే ఉంది, దొంగ నాణెమా? చింతపండుతో తోమవచ్చా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ముందు తోమడం ఆపండి. పులుపు తగిలితే పాత మెరుగు పోతుంది, రుద్దితే షరాబులు (నాణేలు పరీక్షించే వర్తకులు) కొట్టిన చిన్న గుర్తులూ అరిగిపోతాయి. మళ్లీ రావు.

చదివింది సరైనదైతే అది 1347లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఏలుబడిని తోసిపుచ్చి దక్కన్‌లో గద్దెనెక్కిన అలావుద్దీన్ బహమన్ షా టంకం, అంటే వెండి నాణెం. ఖుత్బాలో (శుక్రవారం మసీదు ప్రసంగంలో), సిక్కా (నాణెం) మీద ఎవరి పేరుంటే రాజ్యం వారిదని లెక్క. అందుకే ఇక్కడ చూడాల్సింది తుగ్లక్ పేరు లేకపోవడం. ఖలీఫా పేరు కూడా లేదు, ‘ఖిలాఫత్’ (ఖలీఫా పీఠం) అన్న మాటే ఉంది. ముస్లింల మతపెద్ద అయిన అప్పటి ఖలీఫా కైరోలో, ఈజిప్టు సుల్తానులైన మమ్లూకుల నీడన ఉన్నాడు. కప్పం అడిగే దిక్కు కాదు, చెప్పుకోవడానికి మాత్రం పెద్దదిక్కు.

తమాషా ఏమిటంటే ఆ బిరుదులు కొత్తవి కావు. ‘రెండో సికందర్, ఖిలాఫత్ కుడిచెయ్యి’ అన్నవి అంతకుముందు అలావుద్దీన్ ఖిల్జీ ఢిల్లీ టంకం మీద ఉన్నవే. తిరగబడ్డవాడు జనం చేతికి అలవాటైన అచ్చునే వాడుకున్నాడు. తెలివైన పనే. పొరబాటు జరిగేదీ ఇక్కడే: ఇద్దరి బిరుదూ ‘అలావుద్దున్యా వద్దీన్’, తూకమూ దాదాపు ఒకటే, తులానికి కాస్త తక్కువ. ‘ముహమ్మద్ షా’ అని ఉంటే ఖిల్జీది. ‘బహమన్ షా’ అన్న మాటను భూతద్దంతో మళ్లీ చూడండి. అంచున ‘అహ్‌సనాబాద్’ కనిపిస్తే గుల్బర్గా టంకశాలది.

అంచు రాత సగమే ఉండటం దోషం కాదు. అచ్చు కంటే వెండి బిళ్ల చిన్నదైతే చుట్టూ ఉన్న ఊరు, సంవత్సరం బయటికి జారిపోతాయి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, ముఖం మీద సూదిమొన పాటి గుంటలు ఉంటాయి. హిజ్రీ (ఇస్లామిక్ పంచాంగం) సంవత్సరం దొరికితే 0.97తో గుణించి 622 కలపండి: 750 అంటే సుమారు 1349.

బహమన్ షా కొడుకు మొదటి ముహమ్మద్ షా కాలంలో విజయనగరం, ఓరుగల్లు రాజుల ప్రోద్బలంతో షరాబులు బహమనీ నాణేలు కరిగించేవారని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఒక రాజు సిక్కా తమ బజారులో చెల్లడమంటే ఆయన పేరు చెల్లినట్టేనని ఇటువైపు రాజులకూ తెలుసు.