చేలో గోరీలు

ప్రశ్న: గుత్తి దగ్గర మా పల్లెలో తాతల నాటి చేను ఉంది. దాని మూలన మూడు సెంట్ల జాగాలో నాలుగు గోరీలు, పక్కనే ఒక చిన్న రాళ్లగుట్ట. అంతా కంపచెట్లు కమ్మేశాయి. ఒక బండ మీద 'ధాత సం॥' అన్నంతవరకే కనిపిస్తోంది. ఇప్పుడు పంపకాలు జరుగుతున్నాయి. చదును చేసి సెనక్కాయ వేద్దామని, లేదంటే గోరీలను వేరేచోటికి మారుద్దామని మా చిన్నాయన కొడుకు అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, ముందు జేసీబీని ఆ మూలకు రానివ్వకండి. పత్తికొండ పక్కన మా ఊళ్లో మా గోరీలు అట్లే పోయాయి. కబురు తెలిసి నేను వెళ్లేసరికి మా అవ్వ బండ రెండు ముక్కలై గట్టు మీద పడి ఉంది. 'మ్మ' అనే ఒక్క అక్షరం మిగిలిన ముక్కను ఇంటికి తెచ్చుకున్నాను. అది ఇప్పటికీ మా వసారాలోనే ఉంది.

ధాత అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1876-77, 1936-37, 1996-97. మీ గోరీ సున్నంతో కట్టి ఉంటే మొదటిదే కావచ్చు. అదే అయితే అది ధాత కరువు ఏడాది. తిండి లేక జనం రాలిపోయిన ఏడు బండ చెక్కించి పెట్టారంటే, ఆ మనిషి ఆ ఇంటికి ఎంత కావలసినవాళ్లో చూడండి.

మిగతా అక్షరాలు పొద్దు వాలేటప్పుడు చూడండి. ఏటవాలు ఎండలో గాట్ల నీడలు తేలతాయి. రాత్రయితే సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి వేసినా చాలు. మంచినీళ్లు, కొబ్బరిపీచు తప్ప ఇంకేమీ వాడొద్దు. మన నాపరాయి సున్నపురాయి జాతి, యాసిడ్ పోస్తే అక్షరాలే కరిగిపోతాయి. కంపను మొదలంటా కొట్టించండి కానీ గోరీల పక్కన వేళ్లు పెకలించొద్దు, కట్టడం కదులుతుంది. అక్కడ మంట కూడా పెట్టొద్దు, వేడికి బండలు పగులుతాయి.

ఇక మార్చడం. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మద్రాసు గవర్నరు మన్రో దొరను మీ గుత్తిలోనే పూడ్చి, 1831లో మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయారు. ఎవరిని తీసుకుపోతున్నారో వాళ్లకు తెలుసు. మీకింకా తెలియదు కదా! ఇన్నేళ్ల తర్వాత తవ్వితే మట్టి తప్ప పెద్దగా ఏమీ దొరకదు. ఉన్నచోటే ఉండనివ్వండి. ఆ మూడు సెంట్లు, అక్కడికి పోయే దారి అందరికీ ఉమ్మడి అని పంపకాల పత్రంలో రాయించి, రిజిస్టర్ చేయించండి. మీ తమ్ముడికి తగ్గే ఆ కాస్త నేలకు బదులు మీ వాటాలోంచి ఇస్తామన్నా తప్పులేదు.

నాకు ఎక్కువ దిగులు ఆ రాళ్లగుట్ట గురించే. మా చేలో అట్లాంటిదే ఉండేది. మూడేళ్లకే అమ్మవారు పోసి పోయిన మా పెద్దత్తది అని అవ్వ చెప్పింది. పేరు కూడా చెప్పింది, నేను రాసుకోలేదు. మీ ఇంట్లో, ఊళ్లో ముసలివాళ్లు ఎవరున్నా ఈ వారమే ఆ చేనికి తీసుకుపోండి. ఒక్కో గోరీ చూపించి అడిగి, చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకోండి. గుట్ట దగ్గర పేరు తెలియకపోతే 'మా ఇంటి బిడ్డ' అని రాయండి.