చెప్పకుండా వండుకొచ్చే వదినకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా ఇంట్లో ఏ చిన్న పార్టీ పెట్టుకున్నా మావారి అక్క చెప్పాపెట్టకుండా రెండు మూడు గిన్నెల నిండా వండుకుని వస్తారు. నేను చేసినవి పక్కకు జరిపి తనవి ముందు పెడతారు. మొన్న బాబు పుట్టినరోజుకు మావారి స్నేహితుడొకాయన మందు సీసాలు కూడా పట్టుకొచ్చారు. మా మరిది తాగుడు మానేసి ఇంకా ఏడాది కాలేదు, అందుకే మేం మందు పెట్టలేదు. ఏమైనా అంటే నేనే చెడ్డదాన్నవుతానని ఊరుకున్నాను. ఏం చేయాలి?

జవాబు: ముందు సీసాల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ వదినగారి వంటతో మీకు చిరాకే గానీ దీంతో ఒక మనిషికి నిజంగా హాని జరగొచ్చు. కొత్తగా తాగుడు మానేసినవాళ్లకి కళ్లెదుట సీసా కనబడటం, పక్కన తెలిసినవాళ్లు తాగుతూ ఉండటం, "ఒక్క గుక్కకి ఏమవుతుందిలే" అని ఎవరో అనడం, ఇవే మళ్లీ మొదలుపెట్టించేవి. పాపం ఆ స్నేహితుడికి ఇదంతా తెలియకపోవచ్చు. అలాగని మీ మరిది విషయం ఆయనకి చెప్పేయకండి, అది మీ మరిది సొంత విషయం, ఎవరికి చెప్పాలో అతని ఇష్టం. "మా పార్టీలో మందు ఉండదు, దయచేసి తేవద్దు" అంటే చాలు, కారణం చెప్పి తీరాలనేం లేదు. ఈ మాట మీవారే చెప్పాలి, తన స్నేహితుడు కాబట్టి, అదీ పిలిచేటప్పుడే. అయినా తెచ్చారంటే గుమ్మం దగ్గరే మీవారు పక్కకి తీసుకెళ్లి, బండిలోనే పెట్టేసి రమ్మని మెల్లగా చెప్పాలి.

ఇక వదినగారు. ఆవిడ ఎందుకు తెస్తున్నారో ఎప్పుడైనా అడిగారా? తమ్ముడి ఇంట్లో పనికి తనూ ఓ చెయ్యి వేయాలనుకునేవాళ్లు ఉంటారు, తన వంటే అందరూ మెచ్చుకోవాలనుకునేవాళ్లూ ఉంటారు. ఒంట్లో ఏదో సమస్య ఉండి తన తిండి తాను తెచ్చుకోవడం మాత్రం వేరు, దానికి ఎవరూ తప్పు పట్టకూడదు. కానీ మూడు గిన్నెలు తెచ్చి మీవి పక్కకు జరపడం అలాంటిది కాదు కదా. మీకు కష్టం కలిగింది, అది న్యాయమైన కష్టమే.

నా దృష్టిలో పద్ధతి ఇది: అతిథి తెచ్చింది ఏదైనా ఇంటివాళ్లకి ఇచ్చిన కానుక, దాన్ని ఆ పూట వడ్డించాలా, రేపటికి ఉంచుకోవాలా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. అందరూ తినేదాంట్లో ఏదైనా కలపాలనుకుంటే ముందు అడగాలి. ఇది మర్యాద కోసమే కాదు. పల్లీలు, పాలు, గుడ్లు, నువ్వులు పడనివాళ్లు ఎవరైనా వస్తే, మీ వంటలో ఏం వేశారో మీరు చెప్పగలరు, వేరేవాళ్ల గిన్నెలో ఏముందో ఎలా చెప్తారు? పైగా వండిన పదార్థం ఫ్రిజ్‌లో పెట్టకుండా, వేడిగానూ ఉంచకుండా రెండు గంటలు దాటితే అందులో బ్యాక్టీరియా పెరిగిపోతుంది. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఆవిడ ఎప్పుడు వండారో, దారిలో ఎంతసేపు పట్టిందో మీకు తెలీదు.

కాబట్టి పార్టీకి నాలుగైదు రోజుల ముందే మీరే ఫోన్ చేయండి, వంటిల్లు మీది కాబట్టి. మీవారికి ముందే చెప్పి ఉంచండి, ఆవిడ ఆయన్ని అడిగితే ఆయన కూడా ఇదే మాట అనాలి. "వదినా, ఈసారి వంటలన్నీ అనుకున్నాం, అన్నీ సరిపోతాయి. మీ చేతి స్వీట్ ఒక్కటి చేసి తెండి, ఇంకేం వద్దు" అని ఆ ఒక్కదాని పేరు చెప్పి అడగండి. ఊరికే "ఏమీ తేకండి" అంటే మొహమాటానికి అంటున్నారనుకుని మళ్లీ మూడు గిన్నెలతో వస్తారు.

అయినా తెస్తే నలుగురిలో గొడవ వద్దు. గిన్నెలు మీరే అందుకుని, ఎక్కడ పెట్టాలో మీరే పెట్టండి, కావాలంటే కొంచెం వడ్డించి మిగతాది ఫ్రిజ్‌లో పెట్టేయండి. మీవి జరపబోతే "వదినా, అవి అక్కడే ఉండనివ్వండి" అని అప్పటికప్పుడే, నవ్వుతూ అయినా సరే, స్పష్టంగా అనండి. ఫోన్ చేశాక ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉంటే ఉండనివ్వండి, ఆ టెన్షన్ తట్టుకోలేక మళ్లీ చేసి "సరేలే, మీ ఇష్టం, తెచ్చేయండి" అని మాత్రం అనకండి.