లైవ్ మ్యాచ్‌ని రిమోట్‌తో ఎలా ఆపగలుగుతున్నాం?

లైవ్ మ్యాచ్‌ని పాజ్ చేస్తే ప్రసారం ఆగదు కదా, మరి టీవీకి తగిలించిన సెట్‌టాప్ బాక్స్ ఏం చేస్తుందని మీ ప్రశ్న. రికార్డింగ్ ఉన్న బాక్స్ వచ్చే సిగ్నల్‌ని హార్డ్‌డిస్క్‌లో రాస్తూనే, అదే డిస్క్ నుంచి చదివి తెరకు పంపగలదు. పాజ్ నొక్కితే చదవడం ఆగుతుంది, రాయడం ఆగదు. వికెట్ పడిందని పక్కింటి కేకలు ముందే చెప్పేస్తాయనుకోండి, అది వేరే సంగతి! పాత వీసీఆర్‌లో ఈ పప్పులుడకవు. టేపు ముందుకు నడుస్తూ రికార్డవుతుంటే, వెనక్కి తిప్పి చూడలేం. డిస్క్‌పై రాసే, చదివే హెడ్ మాత్రం రెండు చోట్లకూ చకచకా దూకగలదు. పైగా డిజిటల్ ప్రసారం ముందే కుదించి వస్తుంది కాబట్టి బాక్స్ దాన్ని ఉన్నదున్నట్టే దాచుకుంటుంది.

అమెరికాలో 1999లో టీవో, రీప్లేటీవీ ఇలాంటి బాక్సుల్ని అమ్మకానికి తెచ్చాయి. టీవో వేసిన పేటెంట్ దావాలో డిష్, ఎకోస్టార్ అనే శాటిలైట్ టీవీ రంగ కంపెనీలు 2011లో 50 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి.