రాత్రి క్వార్టరు తాగి పొద్దున ఆరుకి బైక్ టాక్సీ నడపడం ప్రమాదమా?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు బెంగళూరు మడివాళలో గది తీసుకుని బైక్ టాక్సీ నడుపుతున్నాడు. రాత్రి 11కి లాగౌట్ అయ్యాక రోజూ ఒక క్వార్టరు. పొద్దున 6కి మళ్ళీ రోడ్డు మీద. "తాగి బండి ముట్టను కదక్కా" అంటాడు. ఇందులో ప్రమాదం ఉందా, ఎలా మాన్పించాలి?

ప్రమాదమే. తాగి ముట్టట్లేదని అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు, చిక్కంతా అక్కడే ఉంది. లెక్క చూడండి. క్వార్టరు అంటే 180 మి.లీ. విస్కీ అయినా బ్రాందీ అయినా 42.8 శాతం, అంటే అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు. 60 కిలోల మగమనిషి రక్తంలో అది 100 మి.లీ.కి 140-150 మి.గ్రా. లెక్కకు వస్తుంది. లివరు దాన్ని గంటకు 15 మి.గ్రా. చొప్పున మాత్రమే దించుతుంది. బండి నడిపేవాళ్ళకి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30 మి.గ్రా. రాత్రి 11కి మొదలుపెట్టినవాడు ఆ హద్దు కిందికి వచ్చేసరికి ఉదయం 7 కావస్తుంది, సున్నాకి వచ్చేసరికి 9. ఆరింటికి మొదటి ప్యాసింజరు వెనక ఎక్కేటప్పుడు ఒంట్లో ఇంకా 40 దాకా ఉంటుంది. ఇది అంచనా లెక్కే. బక్కపలచటి మనిషికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

గుర్తు పెట్టుకోవడానికి: 30 మి.లీ. దిగడానికి గంటా నలభై నిమిషాలు. చల్లనీళ్ళ స్నానం, నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, ఫిల్టర్ కాఫీ ఏవీ ఆ టైము తగ్గించవు. మత్తు కాస్త తేలినట్టు అనిపిస్తుంది, అంతే. "బీరే కదా" అన్నా కుదరదు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 40 గ్రాములుంటుంది, 120 మి.లీ. విస్కీతో సమానం. గదిలో గ్లాసులో కంటి అంచనాతో పోసుకునే పెగ్గు 60 కాదు, చాలాసార్లు 80 దాకా పోతుంది.

పైగా మందుతో పట్టిన నిద్ర తెల్లవారుజామున చెడుతుంది. అంటే మిగిలిన మత్తుకు నిద్రలేమి తోడవుతుంది. రెండు చక్రాల మీద అది మొదట కనిపించేది వేగంలో కాదు. మ్యాప్ వైపు ఓరగా చూసి తల ఎత్తేలోపు సిల్క్ బోర్డు దగ్గర ముందు బస్సు ఆగిపోయి ఉంటుంది. సిగ్నల్లో కాలు కింద పెట్టడం అరక్షణం ఆలస్యమవుతుంది, వెనక మనిషి బరువుతో బండి పక్కకు ఒరుగుతుంది.

పట్టుబడితే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 15,000, 2 ఏళ్ళ దాకా. యాక్సిడెంటు అయితే సొంత బండి డ్యామేజీ క్లెయిము ఇన్సూరెన్సువాళ్ళు తోసిపుచ్చుతారు. ప్యాసింజరుకు కట్టిన పరిహారాన్ని కూడా తిరిగి మీవాడి దగ్గర వసూలు చేసే వీలుంది.

ఇక మాన్పించడం. ముందు ఒక్కటి గమనించమనండి: పొద్దున చేతులు వణుకుతున్నాయా? ప్యాసింజరు నాలుగంకెల ఓటీపీ చెబితే బొటనవేలు నిలవక రెండుసార్లు తప్పు కొట్టడం, చెమట, వాంతి వచ్చినట్టుండటం, ఒక గుక్క పడితే అవన్నీ సర్దుకోవడం. ఈ లక్షణాలుంటే ఒంటికి అలవాటైపోయింది. అలాంటివాళ్ళు దేవుడి మీద ఒట్టేసి ఒక్కసారిగా మానేయకూడదు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. 12 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పి లేనివి కనిపించడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. వీళ్ళకు డాక్టరు పర్యవేక్షణలో మందులు, థయామిన్ (బి1 విటమిను) కావాలి. హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ మడివాళకి దగ్గరే, అక్కడ వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

వణుకు, చెమట లేకపోతే ఇంట్లోనే తగ్గించుకోవచ్చు. మెడికల్ షాపులో దొరికే కొలత మూత తెచ్చుకోమనండి. నాలుగైదు రోజులు 150 మి.లీ., తర్వాత మళ్ళీ నాలుగైదు రోజులు 120, అలా 30 చొప్పున తగ్గిస్తూ. సీసా విప్పితే ఖాళీ అయ్యేదాకా ఆగనివాళ్ళు క్వార్టరు బదులు నైంటీ (90 మి.లీ.) ప్యాకెట్‌కి దిగాక ఇంట్లో రెండోది ఉంచకూడదు. లాగౌట్ కాగానే ముందు మెస్సులో అన్నం. ఖాళీ కడుపుతో ఎమ్మార్పీ మందు షాపు ముందు నిలబడితే కొలతలన్నీ పోతాయి. మధ్యలో వణుకు మొదలైతే అక్కడే ఆగి డాక్టరు దగ్గరికి.

ఈ వారాలు తాగిన మర్నాడు లాగిన్ 10 తర్వాతే. ఉదయం రద్దీ వేళ (పీక్) పోతుంది, ఆ డబ్బు నష్టం నిజమే. అందుకే వారంలో ఏ రోజులు పీక్ ముఖ్యమో ఆ ముందు రాత్రులు తాగకుండా ఉండేలా అతనే ఎంచుకోవాలి. మీరు ఎంచి చెబితే నిలవదు.

నడుం నొప్పి, చేతుల తిమ్మిరి కోసమే తాగుతున్నాడా అని కూడా అడగండి. రోజుకు పన్నెండు గంటలు గుంతల్లో నడిపేవాళ్ళకి ఇది మామూలే. మందు మీద డైక్లోఫినాక్ లాంటి నొప్పి బిళ్ళలు వేస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, పారాసిటమాల్ ఎక్కువైతే లివరు దెబ్బతింటుంది. జలుబు బిళ్ళ సెటిరిజిన్ కూడా మందుతో కలిస్తే మత్తు పెంచుతుంది.

అన్నంలో తెలియకుండా "మందు మాన్పించే పొడి" కలపమని ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు. అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) ఉంటే, అతను ఆ సంగతి తెలియక తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. బండి మీద ఉండగా వస్తే ఇద్దరి ప్రాణాలు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. డాక్టరు రాసిస్తే, అతనికి తెలిసి వేసుకోవాల్సిన మందు అది.

మాట్లాడేటప్పుడు రాత్రి ఫోన్ చేయకండి. ఆదివారం మధ్యాహ్నం, తిన్నాక, ఆ 11, 7, 9 గంటల లెక్క ఒక కాగితం మీద రాసి ఫోటో పంపండి.